ఉపాలి థేరుడు – సభలో చోటు లేని మంగలి సంఘానికి చట్టం చెప్పిన కథ

ప్రతి ఏడూ నవంబర్ 26న మన వాడల్లో రాజ్యాంగ దినోత్సవం చేసుకుంటాం. బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేస్తాం, పిల్లల చేత పీఠిక చదివిస్తాం. దానికి ముందు రోజు, అంటే 1949 నవంబర్ 25న, రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చేసిన పెద్ద ప్రసంగంలో ఒక సంగతి ఉంది. మనలో చాలామంది దాన్ని గబగబా దాటేస్తాం. పార్లమెంటు పద్ధతి ఈ దేశానికి కొత్తది కాదని, భిక్షు సంఘాల్లో కూర్చునే వరసకీ, తీర్మానం పెట్టడానికీ, కోరానికీ, ఓట్ల లెక్కకీ, రహస్య ఓటుకీ నియమాలు ఉండేవని, బుద్ధుడు వాటిని తన కాలం నాటి రాజకీయ సభల నుంచే తీసుకుని ఉంటాడని ఆయన చెప్పారు.

మరి ఆ నియమాలు మన దాకా ఎట్లా వచ్చాయి? అప్పట్లో తాటాకుల మీద రాసిపెట్టుకున్నది ఏమీ లేదు. మనుషుల జ్ఞాపకంలోనే ఉండాలి. ఆ జ్ఞాపకానికి మొదటి పెద్ద ఎవరంటే, కపిలవస్తులో శాక్యుల గడ్డాలు గీసిన ఒక మంగలి. పేరు ఉపాలి. బుద్ధుడు–ఆయన ధమ్మం గ్రంథంలో అట్టడుగు వాళ్ళ దీక్షల గురించి చెప్పిన చోట బాబాసాహెబ్ ఇతని దీక్షని కూడా చేర్చారు. (నాలందలో ఉపాలి గృహపతి అని నిగంఠుల ఉపాసకుడు ఇంకొకరు ఉన్నారు. ఆయన వేరు, ఈయన వేరు. ఇద్దరినీ కలిపేసి మాట్లాడేవాళ్ళని సభల్లో చూశాను, అందుకే చెప్తున్నా.)

కథలోకి వెళ్ళే ముందు ఇంకో మాట. ఉపాలి గురించి చెప్తే మనోళ్ళలో కొందరు ముఖం చిట్లిస్తారు. మంగలి వాళ్ళు మనకేం చేశారు, ఊళ్ళో మనకి తల ముట్టుకునే వాళ్ళు కూడా కాదు కదా అంటారు. నిజమే. నా చిన్నప్పుడు మా వాడలో మగవాళ్ళు ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకునేవాళ్ళు. ఊళ్ళో కత్తెర మన తల మీదికి వచ్చేది కాదు. బాబాసాహెబ్ చెప్పిన మెట్లమెట్ల అసమానత అంటే ఇదే. పై మెట్టు వాడు తన్నితే, తన్నులు తిన్నవాడు కింది మెట్టు వాడి వైపు చూస్తాడు. ఉపాలి కూడా ఆ నిచ్చెనలో ఒక మెట్టు మీద పుట్టినవాడే. ఆ నిచ్చెన దిగిపోయిన తర్వాత ఆయన ఏం చేశాడన్నదే మనకి కావాల్సింది.

శాక్యులది రాజ్యం అనుకుంటాం గానీ, అది గణ సంఘం. కోసల, మగధ లాంటి చోట్ల ఒకే రాజు, ఆయన మాటే చట్టం. శాక్యులు, కోలియులు, మల్లులు, వైశాలి లిచ్ఛవులు అట్లా కాదు. వాళ్ళకి సభ ఉండేది. సభ కూర్చునే శాలని పాళీలో సంథాగారం అంటారు. యుద్ధం చేయాలా, పొరుగువాళ్ళతో సంధి చేసుకోవాలా, తప్పు చేసినవాడికి ఏం శిక్ష వేయాలి, అన్నీ అక్కడే తేలాలి. శాక్యుల్లో పాలించే కుటుంబాలు చాలా ఉండేవని, రాజు అనే పదవి వాటికి వంతుల ప్రకారం వచ్చేదని, సిద్ధార్థుడు పుట్టినప్పుడు శుద్ధోదనుడి వంతు నడుస్తోందని బాబాసాహెబ్ రాశారు. ఇరవై ఏళ్ళు నిండిన శాక్య యువకుడు సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి. సిద్ధార్థుడూ తీసుకున్నాడు. రోహిణీ నది నీళ్ళ కోసం కోలియులతో యుద్ధం చేద్దామని సేనాపతి తీర్మానం పెడితే, సిద్ధార్థుడు నిలబడి వద్దన్నాడు. ఓటింగ్‌లో ఓడిపోయాడు. ఆయన ఇల్లు వదలడానికి బాబాసాహెబ్ చూపిన కారణం ఇదే. అంటే బుద్ధుడికి సభ అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు, అందులో కూర్చుని, మాట్లాడి, ఓడి తెలిసింది.

ఇంత బాగా చెప్పుకున్నాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ సంథాగారంలో ఎవరు కూర్చునేవాళ్ళు? శాక్య క్షత్రియ మగవాళ్ళు. రోహిణీ నీళ్ళు పారే పొలాల్లో పని చేసింది దాసులు, కూలీలు. అసలు ఆ తగాదా మొదలైందే రెండు వైపుల దాసులూ కూలీలూ కాలవ దగ్గర మాట మాట అనుకోవడంతో అని అట్ఠకథలు చెప్తాయి. నీళ్ళ కోసం తిట్లు తిన్నది వాళ్ళు, యుద్ధం మీద ఓటు వేసింది ఇంకొకళ్ళు. సభకి పోయేవాళ్ళకి క్షౌరం చేసి పంపింది ఉపాలి, కానీ సభ గుమ్మం లోపల అతనికి చాప లేదు.

ప్రజాస్వామ్యం గ్రీసులో ఏథెన్స్ నగరంలో పుట్టిందని మనం బడిలో చదివాం. కాలం చూస్తే దాదాపు ఇదే కాలం. క్రీ.పూ. 508లో క్లెయిస్థెనీస్ అనే ఆయన అక్కడి పౌరుల్ని పాత వంశాల లెక్కన కాకుండా ఉండే ఊరు, పేట లెక్కన కొత్తగా విడగొట్టాడు. 500 మందితో మండలి పెట్టాడు. అది పెద్ద అడుగే, కాదనను. అయితే అక్కడా ఆడవాళ్ళకి ఓటు లేదు, బానిసలకి లేదు, బయటి ఊళ్ళ నుంచి వచ్చి తరాల తరబడి బతుకుతున్నవాళ్ళకీ లేదు. పోనుపోను గేటు ఇంకా బిగిసింది. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ చట్టం తెచ్చాడు, తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్ళయితేనే పౌరుడని. కపిలవస్తు అయినా ఏథెన్స్ అయినా లోపల కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు సమానమే. లోపలికి రావాలంటే మాత్రం రక్తం చూపించాలి.

ఇక ఉపాలి సంగతి. తథాగతుడు మల్లుల దేశంలో అనుపియ అనే ఊళ్ళో ఉన్న రోజులు. శాక్య యువకులు చాలామంది అప్పటికే భిక్షువులయ్యారు. భద్దియుడు, అనురుద్ధుడు, ఆనందుడు, భగు, కింబిలుడు, దేవదత్తుడు, ఈ ఆరుగురూ బయల్దేరారు. భద్దియుడు అప్పటికి శాక్యుల రాజు పదవిలో ఉన్నాడు. ఉద్యానవనానికి విహారం పోతున్నట్టు సైన్యంతో సహా వెళ్ళారు, కొంత దూరం పోయాక సైన్యాన్ని వెనక్కి పంపేశారు. ఏడోవాడు ఉపాలి, వెంట సేవకుడు. పొలిమేర దాటాక ఆరుగురూ ఒంటి మీది నగలన్నీ తీసి ఒక బట్టలో మూట కట్టి అతని చేతిలో పెట్టారు. నీ బతుకుకి ఇది సరిపోతుంది, ఇంటికి పో అన్నారు.

వాళ్ళు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. మూట పట్టుకుని నాలుగడుగులు వేశాక ఉపాలికి అసలు విషయం తట్టింది. ఆరుగురు దొరబిడ్డలు మాయమయ్యారు, వాళ్ళ నగలతో మంగలి ఊళ్ళోకి వచ్చాడు. శాక్యులు కోపిష్టులు. వీడే చంపి దోచుకున్నాడని అక్కడికక్కడే చంపేస్తారు. వాళ్ళే ఇచ్చారని ఎంత చెప్పినా వినేదెవరు? సాక్ష్యం చెప్పే హక్కు కూడా లేని మనిషికి పెద్దింటి కానుక ఎంత ప్రమాదమో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అతను ఆ మూటని చెట్టుకి తగిలించాడు. ఎవరు చూస్తే వాళ్ళే తీసుకుపోండి, ఇచ్చేశాను అనుకుని వెనక్కి పరిగెత్తాడు. ఇట్లాంటి ఇళ్ళు వదిలేసి ఇట్లాంటి బిడ్డలే పోతుంటే నాకేం అడ్డం అని కూడా అతని మనసులో ఉంది. భయమూ ఆశా రెండూ కలిసే ఉన్నాయి.

తిరిగొచ్చిన అతన్ని చూసి ఆ ఆరుగురూ ఎందుకొచ్చావని అడిగారు. అతను చెప్పింది విని, మంచి పని చేశావు, మావాళ్ళు నిజంగానే చంపేవాళ్ళు అన్నారు. అందరూ కలిసి తథాగతుడి దగ్గరికి వెళ్ళారు. అక్కడ వాళ్ళు అడిగిన కోరిక చరిత్రలో చాలా అరుదైంది. మేం శాక్యులం, మాకు అహంకారం ఎక్కువ, ఈ ఉపాలి మాకు చాలాకాలం సేవ చేసినవాడు, ముందు ఇతనికి దీక్ష ఇవ్వండి, అప్పుడు ఇతనికి మేం నమస్కారం చేయాలి, ఇతనొస్తే లేచి నిలబడాలి, మా శాక్యుల పొగరు అట్లా అయినా దిగుతుంది అన్నారు. బుద్ధుడు ఉపాలికి ముందు దీక్ష ఇచ్చాడు. తర్వాత ఆరుగురికి. రాజు పదవి వదిలి వచ్చిన భద్దియుడు నిన్నటి దాకా తన గడ్డం గీసిన చేతులకి ఆ రోజు మొక్కాడు.

ఇక్కడి నుంచి నేనూ అతను అనడం మానేస్తాను. ఆయన అంటాను.

కొందరు దీన్ని బుద్ధుడి దయగా, రాకుమారుల గొప్ప మనసుగా చెప్పి ఊరుకుంటారు. నా లెక్కలో అది సగమే. దయ అయితే ఆ రోజుతో అయిపోతుంది. సంఘంలో అది నియమం. ఒకసారి మంచి ఆసనం, ముందు నీళ్ళు, ముందు భిక్ష ఎవరికి ఇవ్వాలని బుద్ధుడు భిక్షువుల్ని అడిగాడు. క్షత్రియ కులం నుంచి వచ్చినవాళ్ళకి అని కొందరు, బ్రాహ్మణ కులం నుంచి వచ్చినవాళ్ళకి అని కొందరు అన్నారు. దీక్ష తీసుకుని కూడా బుర్రలో ఊరి వరసే ఉంది మరి! ఆయన వాళ్ళకి తిత్తిరి పిట్ట, కోతి, ఏనుగు కలిసి తమలో ఎవరు పెద్దో చూసుకుని గౌరవించుకున్న కథ చెప్పి, సంఘంలో పెద్దరికం దీక్ష తీసుకున్న కాలాన్ని బట్టే అని తేల్చాడు. ఎన్ని వర్షావాసాలు గడిచాయి, అదొక్కటే లెక్క. ఉపాలి ఆ ఆరుగురి కంటే కొన్ని క్షణాలు పెద్ద. ఆ కొన్ని క్షణాలు బతికినన్నాళ్ళూ చెల్లుతాయి.

దీక్ష అయ్యాక ఉపాలి అడవిలో ఒంటరిగా ఉండి ధ్యానం చేసుకుంటానని అనుమతి అడిగాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. పెద్ద ఏనుగు దిగే మడుగులో కుందేలు దిగితే ఏమవుతుందో చెప్పి, సంఘంలోనే ఉండమన్నాడు. మనుషుల మధ్య ఉంటేనే ఉపాలికీ మేలు. సంఘానికి కూడా ఆయన అవసరం ఉందని తర్వాత జరిగింది చూస్తే తెలుస్తుంది. ఆయన వినయం నేర్చుకున్నాడు. వినయం అంటే తెలుగులో మనం అనుకునే అణకువ కాదు. సంఘం నడిచే చట్టం. ఎవరెవరు ఏ విషయంలో ముందున్నారో బుద్ధుడు చెప్పినప్పుడు, వినయం తెలిసిన భిక్షువుల్లో మొదటివాడు ఉపాలి అన్నాడు.

ఆ చట్టం ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి. సంఘంలో ఏ పని జరగాలన్నా ఆ హద్దులో ఉన్న భిక్షువులందరూ కూడాలి. జబ్బుతో రాలేనివాడు తన సమ్మతిని ఇంకొకరితో పంపాలి. ముందు ప్రతిపాదన చదువుతారు, దాన్ని ఞత్తి అంటారు. పెద్ద విషయమైతే ఆ తర్వాత మూడుసార్లు అడుగుతారు. ఒప్పుకున్నవాళ్ళు మౌనంగా ఉంటారు, ఒప్పుకోనివాడు మాట్లాడాలి. కొత్తవాడికి ఉపసంపద ఇవ్వాలంటే మధ్యదేశంలో కనీసం పదిమంది ఉండాలి. దూర ప్రాంతాల్లో అంతమంది దొరకరు కాబట్టి అయిదుగురు చాలు, అందులో ఒకరికి వినయం తెలిసి ఉండాలి. ఎంత మాట్లాడినా తగాదా తేలకపోతే శలాకలు పంచుతారు. శలాక అంటే చిన్న పుల్ల. ఏ రంగు పుల్ల ఏ పక్షమో చెప్పి, ఎవరికీ చూపించకుండా తీసుకోమంటారు. అది రహస్య పద్ధతి. చెవిలో చెప్పే పద్ధతి, అందరి ముందూ తీసుకునే పద్ధతి కూడా ఉన్నాయి. పుల్లలు పంచేవాణ్ణి సంఘమే ఎన్నుకోవాలి. వాడు ఇష్టాయిష్టాలకి, కోపానికి, భయానికి, తెలివితక్కువతనానికి లొంగనివాడై ఉండాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. ధమ్మానికి విరుద్ధంగా మాట్లాడేవాళ్ళే ఎక్కువమంది అని తేలితే, పుల్లలు పంచేవాడు ఆ ఓటింగ్‌ని చెల్లదని పక్కన పెట్టొచ్చు. ఇది చదివినప్పుడు నాకు రెండు మనసులయ్యాయి. ఒక్క మనిషి చేతిలో అంత అధికారం ఉండటం ఇబ్బందే. కానీ, యుద్ధం వద్దన్న సిద్ధార్థుడు మెజారిటీ ముందు ఓడిపోయాడని గుర్తొచ్చింది. తలలు లెక్కపెట్టినంత మాత్రాన తప్పు ఒప్పైపోదని ఆయనకి ఇరవై ఎనిమిదో ఏటే తెలుసు. మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల్ని ఓట్ల లెక్కకి అందకుండా గట్టిగా పెట్టడం వెనుక కూడా ఇదే భయం ఉంది.

ఉపాలి ప్రశ్నలు అడిగే మనిషి. వినయ పిటకంలో ఆయన అడిగిన ప్రశ్నలు చాలా చోట్ల కనిపిస్తాయి. మనిషిని ఎదుట పెట్టుకుని చేయాల్సిన చర్యని, ఆ మనిషి లేకుండా సంఘమంతా కలిసి చేస్తే అది ధర్మమా అని అడిగాడు. కాదు, అది చెల్లదు అని బుద్ధుడి జవాబు. ప్రశ్నించి చేయాల్సిందాన్ని ప్రశ్నించకుండా చేస్తే? ఒప్పుకోలు తీసుకుని చేయాల్సిందాన్ని తీసుకోకుండా చేస్తే? చెల్లదు, చెల్లదు. ఎందుకు అడిగాడో ఆయన చెప్పలేదు. కానీ చెట్టుకి మూట తగిలించి పరిగెత్తిన మనిషి అడిగిన ప్రశ్నలివి అని గుర్తు పెట్టుకుని చదివితే వేరేగా వినిపిస్తాయి. తన మాట వినకుండానే తనకి శిక్ష పడుతుందని భయపడిన మనిషి ఆయన.

ఆయన ఇచ్చిన తీర్పుల్లో ఒకటి తప్పకుండా చెప్పాలి, ముఖ్యంగా మన ఉపాసికలు వినాలి. జాతక అట్ఠకథలో ఉంది. రాజగృహలో ఒక శ్రేష్ఠి కూతురు భర్త ఒప్పుకోగా భిక్షుణి అయింది. అప్పటికే ఆమె గర్భవతి, ఆ సంగతి ఆమెకే తెలియదు. కొన్నాళ్ళకి కడుపు కనిపించింది. ఆ భిక్షుణులు దేవదత్తుడి పక్షం వాళ్ళు. దేవదత్తుడు విచారణ లేదు ఏం లేదు, మన పేరు పోతుంది, పంపించేయండి అన్నాడు. ఆమె ఊరుకోలేదు. నేను దేవదత్తుడి కోసం దీక్ష తీసుకోలేదు, నన్ను జేతవనానికి తీసుకెళ్ళండి అని పట్టుబట్టింది. శ్రావస్తి దాకా నడిచి వచ్చారు.

బుద్ధుడు తానే ఒక మాట చెప్పి ముగించలేదు. కోసల రాజు ప్రసేనజిత్తుని, అనాథపిండికుణ్ణి, విశాఖని పిలిపించి, నిండు సభలో తేల్చమని ఉపాలికి అప్పగించాడు. ఉపాలి విశాఖతో, ఈమె ఏ నెల ఏ రోజున దీక్ష తీసుకుందో కనుక్కుని, గర్భం దానికి ముందుదా తర్వాతదా చూసి చెప్పమన్నాడు. ఆడమనిషి విషయం ఆడమనిషే చూడాలని ఆయనకి తోచింది. తెర కట్టించి విశాఖ ఆమెని పరీక్షించింది, రోజులు లెక్కపెట్టింది, గర్భం ముందుదే అని చెప్పింది. ఉపాలి అందరి ఎదుటా ఆమె నిర్దోషి అని ప్రకటించాడు. ఆ బిడ్డే తర్వాత కుమార కస్సపుడు. శాక్యులకి కావలసినవాడు దేవదత్తుడు ఆమె మాట వినకుండా తోసేశాడు. ఇద్దరూ ఒకే రోజు దీక్ష తీసుకున్నవాళ్ళే.

అంతా సాఫీగా జరిగిందని అనుకోవద్దు. ఒక గొడవలో ఉపాలి తన ఉపాధ్యాయుడు కప్పితకుణ్ణి ప్రాణాపాయం నుంచి కాపాడాడు. చంపాలనుకున్న కొందరు భిక్షుణులు తమ గుట్టు బయటపెట్టాడని ఆయన్ని కులం పెట్టి తిట్టారు, మంగలోడని, మురికి తుడిచేవాడని, నీచ జాతివాడని. కాషాయం కట్టినవాళ్ళే ఆ మాటలన్నారు. బుద్ధుడు అట్లా తిట్టడాన్ని తప్పుగా నియమం పెట్టాడు. భిక్షువులకి కూడా ఇంకో నియమం ఉంది: పుట్టుకని, చేసే పనిని పట్టుకుని అవమానించడం నేరం. లోకం చిన్నచూపు చూసే పనుల జాబితా కూడా అక్కడుంది. వెదురు పని, కుండలు చేయడం, బట్ట నేయడం, తోలు పని, క్షౌరం. మన ఊళ్ళో ఏ పేటకి ఆ పేటే! కులం పేరుతో నలుగురిలో తిట్టడం నేరమని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మనకి 1989లో వచ్చింది.

ఇంకో చిన్న సంగతి నాకు చాలా ఇష్టం. ఉపాలి దగ్గర వినయం నేర్చుకోవడానికి ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. పెద్దల మీద గౌరవంతో ఆయన నిలబడి చెప్పేవాడు. ధమ్మం మీద గౌరవంతో పెద్దలు నిలబడి వినేవాళ్ళు. ఎవరూ కూర్చోరు. అందరికీ కాళ్ళు పీకేవి. ఇది తెలిసి బుద్ధుడు, చెప్పేవాడు చిన్నవాడైనా సమానమైన ఆసనం మీద గానీ ఎత్తు ఆసనం మీద గానీ కూర్చోవచ్చు, వినే పెద్దలు సమానంగా గానీ కింద గానీ కూర్చోండి అని నియమం చేశాడు. కపిలవస్తు సంథాగారంలో చాప దొరకని మనిషి కోసం ఆసనం గురించి ఒక నియమమే పుట్టింది.

ఆ సంథాగారంలో ఆసనాల గతి ఏమైందో కూడా చెప్పాలి. ప్రసేనజిత్తు శాక్యుల పిల్లని పెళ్ళాడాలనుకున్నాడు. శాక్యులకి అతనికి పిల్లనివ్వడం ఇష్టం లేదు, కాదనే ధైర్యమూ లేదు. మహానాముడు, అంటే అనురుద్ధుడి సొంత అన్న, నాగముండ అనే దాసికి తనకి పుట్టిన వాసభ ఖత్తియని అసలు క్షత్రియ కన్యే అని నమ్మించి పంపాడు. ఆమెకి విడూడభుడు పుట్టాడు. పెద్దయ్యాక ఆ కుర్రాడు అమ్మమ్మగారి ఊరని కపిలవస్తు వచ్చాడు. వాడికి మొక్కాల్సి వస్తుందని శాక్యులు తమ చిన్నపిల్లల్ని ముందే ఊరు దాటించారు. వాడు వెళ్ళిపోయాక, సంథాగారంలో వాడు కూర్చున్న పీటని పాలు కలిపిన నీళ్ళతో కడిగించారు. మరిచిపోయిన ఆయుధం కోసం తిరిగొచ్చిన సైనికుడి వల్ల ఆ సంగతి విడూడభుడి చెవిన పడింది. రాజయ్యాక వాడు శాక్యుల మీద పడి ఊచకోత కోశాడు. బుద్ధుడు మూడుసార్లు దారిలో ఎదురై వెనక్కి తిప్పాడు, నాలుగోసారి ఆగలేదు. ఊచకోతని ఎవరూ సమర్థించరు. కానీ పీట కడిగిన కథ వింటే 1927లో మహాద్ చెరువు గుర్తురాని మనిషి మనలో ఉంటాడా? బాబాసాహెబ్ నాయకత్వంలో మనోళ్ళు నీళ్ళు తాగారని, ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కడవలతో ఆ చెరువుని శుద్ధి చేశారు. తమ్ముడు అనురుద్ధుడు మంగలికి మొక్కి బతుకు మార్చుకున్నాడు. అన్న ఉన్న సభ, సభ్యుల రక్తం స్వచ్ఛంగా ఉంచుకోవాలని చూసి ఆ రక్తంలోనే పోయింది.

సంఘంలో లోపాలు లేవని నేను అనను. ఎవరి దాసుడైనా పారిపోయి వస్తే దీక్ష ఇవ్వకూడదని నియమం పెట్టాల్సి వచ్చింది. అప్పులున్నవాళ్ళకీ, రాజు కొలువులో సైనికులకీ అదే నియమం. యజమానులతో, రాజులతో తగువు పెట్టుకుని సంఘం నిలబడలేని కాలం అది. ఆ తలుపు దగ్గర ఆగిపోయిన దాసుల పేర్లు ఏ పిటకంలోనూ లేవు.

తథాగతుడి మహాపరినిర్వాణం తర్వాత, ఇక మనకి అడ్డు చెప్పేవాడు లేడు, ఇష్టమొచ్చినట్టు ఉండొచ్చు అన్న భిక్షువు ఒకడు బయల్దేరాడు. మహాకస్సపుడు ఆలస్యం చేయలేదు. ఆ వర్షాకాలంలోనే రాజగృహలో 500 మంది పెద్దల్ని కూర్చోబెట్టాడు. అదే మొదటి సంగీతి. ముందు ఏది పఠించాలి, ఎవరు పఠించాలి? ముందు వినయం. చెప్పాల్సింది ఉపాలి.

అక్కడ జరిగిన తీరు చూడండి. అధ్యక్షుడిగా ఉన్న మహాకస్సపుడు పుట్టుకతో బ్రాహ్మణుడు, వయసులో పెద్ద. అయినా నేరుగా అడగలేదు. సంఘానికి సమ్మతమైతే నేను ఉపాలిని వినయం అడుగుతాను అని ప్రతిపాదన పెట్టాడు. ఉపాలి కూడా నేరుగా జవాబు మొదలుపెట్టలేదు. సంఘానికి సమ్మతమైతే మహాకస్సపుడు అడిగినదానికి నేను జవాబిస్తాను అని తన ప్రతిపాదన పెట్టాడు. అప్పుడు ప్రశ్నలు. మొదటి పారాజిక నియమం ఎక్కడ పెట్టారు? వైశాలిలో. ఎవరి విషయంలో? సుదిన్నుడి విషయంలో. ఏం జరిగితే పెట్టారు? ఇట్లా ఒక్కో నియమానికీ ఊరు, మనిషి, సంఘటన, నియమం, దాని మీద తర్వాత వచ్చిన సవరణ. భిక్షువులవీ భిక్షుణులవీ రెండు వినయాలూ ఆయన చెప్పాడు. తర్వాతే ఆనందుడు సుత్తాలు చెప్పాడు.

ఒక లోటు కూడా రాయాలి. ఆ 500 మందిలో ఒక్క భిక్షుణి లేదు. పైగా ఆడవాళ్ళకి దీక్ష ఇప్పించడానికి పాటుపడినందుకు ఆనందుణ్ణి ఆ సభలోనే తప్పుపట్టారు. ఆనందుడు, మహాప్రజాపతి గౌతమి తల్లిలా పెంచిందని చెప్పి, నాకైతే ఇందులో తప్పు కనపడదు, అయినా మీ మీద గౌరవంతో ఒప్పుకుంటున్నాను అన్నాడు. ఉపాలి ఆ విషయంలో ఏమైనా అన్నాడని ఎక్కడా రాసి లేదు. అంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత ఉపాలి చాలా ఏళ్ళు వినయం బోధిస్తూ బతికాడు. వేదాలు చదివిన దాసకుడు అనే యువకుడు వైశాలిలో ఆయన దగ్గరికి ప్రశ్నలతో వచ్చాడని, శిష్యుడై అక్కడే ఉండిపోయాడని సింహళ చరిత్రలు చెప్తాయి. దాసకుడి శిష్యుడు సోనకుడు, అతని శిష్యుడు సిగ్గవుడు, అతని శిష్యుడు మొగ్గలిపుత్త తిస్సుడు. అశోకుడి కాలంలో పాటలీపుత్రంలో మూడో సంగీతిని నడిపింది ఆయనే. ఆయన దగ్గర నేర్చుకున్న మహిందుడు వినయాన్ని లంకకి తీసుకెళ్ళాడు. ఇప్పటికీ లంక, బర్మా, థాయ్‌లాండ్ విహారాల్లో ఒక కుర్రవాడికి ఉపసంపద ఇచ్చేటప్పుడు ఒకసారి ప్రతిపాదన చదువుతారు, మూడుసార్లు సంఘాన్ని అడుగుతారు, కాసేపు మౌనంగా ఉండి చూస్తారు. ఆ పద్ధతిని నేర్పిన గురువుల వరస చెప్పమంటే వాళ్ళు మొదట చెప్పే పేరు ఉపాలి.